గానుగ పాకలో పరీక్ష

నర్సీపట్నం బజారులో బెల్లం కొనడానికి వెళితే తగువు పెట్టుకోకుండా తిరిగి రాను. పచ్చగా మెరిసే దిమ్మ చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. "మందు కలపని నల్ల బెల్లం ఉంటే తియ్యండి, లేదంటే ఆ ముక్కే చెప్పండి" అంటాను. "మేడమ్, ఊరందరికీ రంగు కావాలి, మీకొక్కరికే నలుపు కావాలి" అంటాడు షాపాయన. హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని కాబట్టి రంగు కోసం కలిపే మందు మీద అక్కడే నిలబడి ఒక పాఠం చెప్పేస్తాను. నా పాఠం ఆగాలంటే వేరే దారి లేదని ఆయన లోపలి నుంచి ముదురు రంగు దిమ్మ ఒకటి తీసి తూకం వేస్తాడు. నాకు నోరు పెద్దదని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చి చెప్పింది. నిజమే. అంత నోరున్న దాన్ని ఒకచోట మాట్లాడాల్సి వచ్చి మాట్లాడలేదు. ఆ సంగతి ఇప్పటిదాకా మా ఇంట్లో వాళ్లకి కూడా తెలియదు.

మా ఊరు నర్సీపట్నం నుంచి ఎస్. రాయవరం వెళ్లే వైపు ఉంది. మాకు రెండు చోట్ల చెరుకు ఉండేది. ఒకటి ఏటి గట్టున పల్లపు నేల. రెండోది ఊరికి ఎగువన ఎత్తు నేల, దాన్ని గరువు అనేవాళ్లం. రెంటికీ మధ్య నాన్న వేయించిన గానుగ పాక. మాఘం వచ్చిందంటే పొద్దున్నే డీజిల్ ఇంజను మొదలయ్యేది. ముందు పచ్చి రసం వాసన వచ్చేది. అది కాగి మడ్డి పైకి తేలేటప్పుడు ఇంకో వాసన. పాకం ముదిరే వేళకి ఊళ్లో ఏ ఇంట్లో ఏం వండుతున్నా తెలిసేది కాదు, అంతా బెల్లమే. కళ్లు మూసుకుని, రసం కాగే పెద్ద పెనంలో పాకం ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేదాన్ని. ఇప్పుడక్కడ పాక లేదు, జీడితోట ఉంది. ఆ దారిన బస్సులో వెళ్లినప్పుడల్లా కిటికీ తెరిచి గట్టిగా గాలి పీల్చి చూస్తాను. ఏ వాసనా రాదని తెలుసు. అయినా మానలేను.

పాకకి యజమాని మా నాన్నే అయినా పెనం దగ్గర మాట మాత్రం బెల్లం వండే తాతది. ఆయన మాకు చుట్టం కాదు. ఊరంతా తాతా అని పిలిస్తే నేనూ పిలిచేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఆయన ఖాళీ అయ్యేదాకా చెరుకు కొట్టకుండా కాచుకునేవాళ్లు. దిమ్మ గిల్లి నోట్లో వేసుకుని "ఇది తాత చెయ్యి" అని పోల్చేసేవాళ్లు. ఆయనకి సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఆ పేరే.

పెనం దగ్గర ఆయనకి చాలా నియమాలు. చెప్పులు పాక బయటే. ఈల వేయకూడదు. పెనానికి కాలు తగలకూడదు. పొద్దున్నే ఏట్లో మునిగి వచ్చి, పెనానికి పసుపూ కుంకుమా పెట్టి, పొయ్యికి దండం పెట్టుకున్నాకే నిప్పు. మొదటి గరిటెడు పాకం అగ్గితల్లికి. వీటన్నిటికంటే పెద్ద నియమం ఆడవాళ్లది. నెలలో ఆ మూడు రోజులూ ఏ ఆడమనిషీ పాకలో అడుగు పెట్టకూడదు. పెడితే పాకం విరిగిపోతుంది, బెల్లం ముద్ద కట్టదు. పిప్పి ఎండబెట్టి పొయ్యికి అందించే ఇద్దరు ఆడవాళ్లు ఆ రోజుల్లో పనికి రాకుండా ఇంట్లోనే ఉండిపోయేవారు. ఎందుకు రాలేదని అడిగేవాళ్లు లేరు. ఊరికంతటికీ తెలిసిన విషయం.

అంత నియమాల మనిషి కదా, మూర్ఖుడని అనుకుంటారేమో. నేను డిగ్రీలో చేరిన కొత్తలో నర్సీపట్నం కాలేజీ ల్యాబు నుంచి చెప్పాపెట్టకుండా కొన్ని లిట్మస్ కాగితాలు పట్టుకొచ్చాను. పచ్చి రసంలో ముంచితే నీలం కాగితం ఎర్రబడింది. తాత గరిట పక్కన పెట్టి వంగి చూశాడు.

"ఇదేటమ్మా ఈ సిత్రం?"

రసంలో పులుపు ఉందని, సున్నం వేస్తే ఆ పులుపు విరుగుతుందని, అప్పుడు కాగితం రంగు మారదని చెప్పాను. వేరొకరైతే "మాకు నేర్పొచ్చావా" అనేవారు. ఆయన సున్నపు తేట కొద్దికొద్దిగా వేస్తూ, ప్రతిసారీ రసం చుక్క నాలుక మీద వేసుకుంటూ, నన్ను కాగితం ముంచమంటూ పోయాడు. ఆయన చాలన్నప్పుడే కాగితం కూడా ఎర్రబడటం మానేసింది.

"నా నాలికా, నీ కాయితం ఒకటే మాట సెప్పినాయి సూడు" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత నేను పాకకి వెళ్లిన ప్రతిసారీ "కాయితం తెచ్చినావేటి?" అనేవాడు. ల్యాబులో లిట్మస్ పుస్తకం పలచబడిపోతోందని అటెండరు నన్ను అనుమానంగా చూసేవాడు.

ఇంట్లో మాత్రం రోజూ యుద్ధమే. అమ్మ నన్ను ఆ మూడు రోజులూ వసారాలో చాప వేసి కూర్చోబెట్టేది. కంచం వేరు, గ్లాసు వేరు. "దీనికీ బెల్లానికీ సంబంధం ఏంటి? ఒక్క కారణం చెప్పు" అని నేను కంచం మోగించేదాన్ని. నాన్న నవ్వేవాడు. "నువ్వు సదువుకున్నావు గానీ బెల్లం సదువుకోలేదు కదే" అనేవాడు. ఒకసారి తాతనే నిలదీశాను. ఆయన గడ్డం గోక్కుని, "నాకు తెల్దమ్మా. మా నాయన సెప్పినాడు, నేను ఇంటన్నాను. నిజమో కాదో ఎప్పుడూ సూడనేదు" అన్నాడు. తెలియదని అంత సులువుగా ఒప్పుకున్న పెద్దమనిషిని నేను అంతవరకు చూడలేదు. నాకైతే అన్నీ తెలుసని గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద ఒక్క గీత కూడా పడనిచ్చేదాన్ని కాదు.

డిగ్రీ రెండో ఏడు మాఘంలో ఒకరోజు అమ్మ ఏటికొప్పాకలో పెళ్లికి వెళ్లింది. పొద్దున్న లేచి చూసుకుంటే నాకు నెలసరి వచ్చింది. వసారాలో కూర్చోమనేవాళ్లు లేరు. ఎవరికీ చెప్పలేదు. నాన్నకీ తాతకీ టిఫిను క్యారేజీ పట్టుకుని తిన్నగా పాకకి వెళ్లాను. గుమ్మం బయట పెట్టి రావచ్చు. పెట్టలేదు. లోపలికి వెళ్లి, తాత తింటుంటే తెడ్డు తీసుకుని పెనంలో పాకాన్ని నాలుగు తిప్పులు తిప్పాను. ఈ దెబ్బతో మీ నియమం తేలిపోయింది, చెప్పకుండానే తేల్చేశాను అని లోలోపల మురిసిపోయాను.

ఆ రోజు బెల్లం ముద్ద కట్టలేదు.

చెక్క తొట్టిలో పోసి ఎంతసేపు కలిపినా పాకం జారుతూనే ఉంది. తాత చేత్తో తీసి చూశాడు, మళ్లీ కలిపాడు, మళ్లీ చూశాడు. రెండో పెనమూ అంతే. రెండూ ఏటి గట్టు చెరుకే. నాన్న ముఖం నల్లబడింది. పెనాలు రెండూ పోయినందుకు కాదు, చూడటానికి వచ్చిన పక్క ఊరి రైతులు ముందు నిలబడి ఉన్నందుకు. "నీ సెయ్యి పోయింది మావా. వయసైపోయింది. ఇంక నువ్వు ఈ పని ఒగ్గీ" అన్నాడు. ఎప్పుడూ మావా అని ప్రేమగా పిలిచే మనిషి, అదే పిలుపుతో ఆ మాటన్నాడు. తాత వేళ్లకంటిన పాకం వైపే చూస్తూ ఉండిపోయాడు.

నేను ఒక మూల నిలబడి ఉన్నాను. కారణం చెప్పమని ఇల్లెక్కి అరిచిన దాన్ని, ఆ క్షణాన నా మనసులో పుట్టింది ఒకే ఒక్క మాట. నా వల్లే. అందరూ వెళ్లాక పెనానికి ఉన్న కుంకుమ వేలితో అద్దుకుని లెంపలు వేసుకున్నాను. బి.ఎస్సీ రెండో సంవత్సరం, ఫస్ట్ క్లాసు మార్కులు. ఎవరైనా చూసి ఉంటే నేను చచ్చిపోయేదాన్నే.

రెండు రోజులకే ఆ మాట ఊళ్లన్నీ తిరిగింది. తాత చెయ్యి పోయిందట. మా తర్వాత వంతు ఉన్న రైతు వేరే వాడిని మాట్లాడుకున్నాడు. నాకు అన్నం దిగలేదు. మూడో రోజు పాక వెనక పిప్పి ఎండుతున్న చోట తాత ఒక్కడే ఉంటే వెళ్లి నిలబడ్డాను. ఆయన ముఖం చూడలేక పిప్పిని చూస్తూ చెప్పాను.

"తాతా, ఆ రోజు నేను బయట ఉన్నాను. అలాగే లోపలికొచ్చి తెడ్డు పట్టుకున్నాను."

తిడతాడనుకున్నాను. పరుగున వెళ్లి నాన్నతో చెబుతాడనుకున్నాను. చెబితే ఆయన పేరు ఆయనకి వచ్చేసేది కూడా. ఆయన కింద కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు. చాలాసేపు పుల్లతో నేల మీద గీతలు గీశాడు.

"ఆ సెరుక్కి మీ నాన్న ఆలీసంగా యూరియా ఏసినాడు, తెలుసా? నేను వొద్దన్నాను. పైగా అది నీటి మీదున్న నేల. అలాటి సెరుకు బెల్లం కట్టదని మా నాయన కూడా అనేవోడు."

"అయితే నా వల్ల కాదా తాతా?"

"నాకేటి తెలుసు? నీ వల్లా అవ్వొచ్చు, యూరియా వల్లా అవ్వొచ్చు. రెండూ ఒక్క రోజే వొచ్చి పడ్డాయి గదా, ఎలగ తెలుస్తాది?"

మా లెక్చరర్లు ఏడాదంతా చెప్పినా నా బుర్రకెక్కని ముక్క అది.

"మీ నాన్నకి మాత్రం సెప్పకు" అన్నాడు. "సెప్తే బేగి ఒప్పేసుకుంటాడు. యూరియా మాట మరి ఎవులూ ఎత్తరు. రేపు ఏ పెనం సెడినా ఏ ఆడపిల్ల వొచ్చిందోనని ఎతుకుతారు. అది బాగోదు. మనం సూద్దాం."

"ఏం చూద్దాం?"

"గరువు సెరుకు ఇంకా కొట్టనేదు. అది మంచి సెరుకు. మళ్లీ నెల నువ్వు అలగున్నప్పుడు ఆడిద్దాం. నేను ఏట్లో మునగడానికి ఎల్లినప్పుడు పాకలో ఎవులూ ఉండరు. నువ్వొచ్చి పెనం, తెడ్డు, తొట్టి అన్నీ ముట్టుకుని ఎల్లిపో. కడితే నీ తప్పు నేదు. కట్టకపోతే మా నాయన సెప్పింది నిజం. ఏదైనా తెలుసుకోవాల గదా."

"అగ్గితల్లికి కోపం రాదా?"

"తల్లితో నేను సెప్పుకుంటాను. కోపమొస్తే నా మీద సూపించమంటాను. తెలుసుకుంటే కోపమెందుకొస్తాది?"

యాభై ఏళ్లు ఒక నియమాన్ని కళ్లకద్దుకున్న మనిషి, అది నిజమో కాదో చూద్దాం రమ్మని పిలుస్తున్నాడు. అదీ తన పేరు నూలుపోగుకి వేలాడుతున్నప్పుడు. గరువు చెరుక్కి ఇంకొక్క అవకాశం ఇమ్మని నాన్నని ఆయనే బతిమాలుకున్నాడు. ఆ పెనం కూడా చెడితే ఇక ఆయన్ని పిలిచేవాళ్లే ఉండరు. అంతా తెలిసే పిలిచాడు. వస్తానని మాటిచ్చాను.

నెల తిరిగింది. లెక్క కట్టి తాతకి ముందే చెప్పిన రోజుకే నాకు నెలసరి వచ్చింది. అమ్మకి తెలియకుండా, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే పాకకి వెళ్లాను. తాత అప్పటికే ఏటికి వెళ్లాడు. పెనం ఖాళీగా ఉంది, కడిగి బోర్లించిన తెడ్డు పక్కనే ఉంది. పెనం అంచున నిన్నటి పసుపూ కుంకుమా ఇంకా ఉన్నాయి. చెయ్యి చాపాను. జానెడు దూరం. నా చెయ్యి ముందుకి పోలేదు.

తాత పేరు పోతుందని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. మళ్లీ కట్టకపోతే నేను ఇన్నాళ్లూ వాగినదంతా తప్పని ఒప్పుకోవాలి. ఆ భయం. నిజం తెలుసుకోవాలని ఆయనకి ఉంది. నాకు నేను గెలవాలని మాత్రమే ఉంది. గెలుస్తానన్న నమ్మకం పోయాక పరీక్ష దగ్గర నిలబడలేకపోయాను. వెనక్కి తిరిగి వచ్చేసి, మొదటి బస్సెక్కి కాలేజీకి పోయాను.

ఆ రోజు గరువు బెల్లం రాయిలా కట్టింది. సాయంత్రం బస్సు దిగేసరికి తాత రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"వొచ్చినావేటమ్మా? అన్నీ ముట్టుకున్నావా?"

ఆయన కళ్లలో ఆ ఆత్రం చూసి రాలేదని చెప్పలేకపోయాను.

"వచ్చాను తాతా. అన్నీ ముట్టుకున్నాను."

"సూసినావా!" అని నా తల మీద చెయ్యి వేశాడు. "నీ తప్పు నేదు తల్లీ. మా నాయనదే పొరపాటు. పాపం ఆయన సూడనేదు, నేనూ సూడనేదు. ఇన్నేళ్లు ఆ ఆడోళ్లని ఊరికే ఇంటికాడ కూకోబెట్టినాను." ఆయన కళ్లు తడిశాయి. ఒక తప్పు నమ్మకం వదిలించుకున్నందుకు అంత సంతోషించిన మనిషిని మళ్లీ చూడలేదు. అలాంటి మనిషికి లిట్మస్ కాగితాలు తెచ్చి నేర్పానని నేను విర్రవీగాను.

అంతటితో ఆగితే బాగుండేది. తాత మర్నాడే పిప్పి పని చేసే ఇద్దరినీ పిలిచి, ఇకనుంచి ఏ రోజైనా పనికి రావచ్చని, తన పెనం దగ్గర ఆ నియమం లేదని చెప్పేశాడు. వాళ్లు భయపడుతూనే వచ్చారు. బెల్లం కడుతూనే ఉంది. కానీ నాలుగు రోజులకి సంగతి బయటపడి, మా పాకలో చెరుకు ఆడించుకునే రైతులు నాన్న మీదికి వచ్చారు. నాన్న మా వాకిట్లో తాతని నిలబెట్టి అడిగాడు.

"నీకు మతి కూడా పోయిందా మావా? ఎవులు సెప్పినారు నీకు ఇలాగ సెయ్యమని?"

నేను గుమ్మంలో ఉన్నాను. తాత నా వైపు చూడనైనా చూడలేదు.

"ఎవులూ సెప్పనేదు బాబూ. నేనే పరీచ్చ సేసి సూసినాను. బెల్లం కట్టింది."

"ఏం పరీచ్చ? ఎవులితో సేసినావు?"

"నా కళ్లతో సూసినాను బాబూ. అంతే."

ఒక్క అడుగు ముందుకు వేసి, నాన్నా, నేనే అంటే చాలు. కానీ నేనే ఏమిటి? నేను చేయని పరీక్షని చేశానని చెప్పాలి. లేదా తాత వినేలా, ఆ రోజు రాలేదని చెప్పాలి. రెండూ చెప్పలేదు. నియమం మళ్లీ పెడితే ఉండు, లేకపోతే వెళ్లిపో అన్నాడు నాన్న. తాత తలగుడ్డ విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు.

"తప్పని తెలిసినాక ఎలగ పెడతాను బాబూ?" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆయన్ని ఏ పాకకీ ఎవరూ పిలవలేదు. జీడిపిక్కల పనికి పోయేవాడు. దారిలో కనిపిస్తే ఎప్పటిలా "కాయితం ఉందేటి?" అని నవ్వేవాడు. నేను తల దించుకునేదాన్ని. నాకు పెళ్లయి, ఉద్యోగం వచ్చి, నర్సీపట్నంలో స్థిరపడ్డాక ఒక వేసవిలో ఆయన పోయాడని తెలిసింది. వెళ్లలేకపోయాను. పిల్లలకి బల్ల మీద చెయ్యి కొట్టి "నమ్మకండి, చేసి చూడండి" అని చెబుతాను. అదే నేను, నా ఇంట్లో ఆ మూడు రోజులూ ఊరగాయ జాడీ ముట్టుకోలేదు. ఏదో పని కల్పించుకుని మా ఆయన చేత తీయించేదాన్ని. ఎందుకని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కిందటేడు మా స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఏడో తరగతి పిల్ల వాళ్లమ్మ, మార్కులు చూసుకున్నాక కూడా వెళ్లకుండా నిలబడింది. బెల్లం వండే తాత మనవరాలట. ఆ నుదురు చూస్తే పోల్చుకోవలసిందే.

"మేడమ్, మీదీ మా తాత ఊరే అని మా పాప చెప్పింది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ ఎవరం బయట కూర్చోమండీ. మా తాతే మాన్పించేశాడు. ఎవరో చదువుకున్న అమ్మాయి పరీక్ష చేసి చూపించిందని చెప్పేవాడు. పోయేదాకా అడిగినా పేరు మాత్రం చెప్పలేదు. ఆవిడెవరో మీకేమైనా తెలుసాండీ?"

గదిలో పిల్లల గోల, కుర్చీల చప్పుడు. మార్కుల కాగితం నా చేతిలో నలిగిపోయింది.

"తెలియదమ్మా" అన్నాను.

"ఆ రోజుల్లో ఆవిడకి ఎంత ధైర్యమో మేడమ్."

"ధైర్యం మీ తాతదమ్మా" అన్నాను.

ఆవిడకి అర్థమైనట్టు లేదు. పొగిడాననుకుని సంతోషంగా నవ్వి, నమస్కారం పెట్టి, పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.